వీపు మీది చిట్టీ

నవంబర్ 3, ఆదివారం

ఈరోజు చర్చిలో మా ఆయన వీపు మీద చిట్టీ అంటించాను. "ఈ బండి అమ్మబడును. కండిషన్ ఫస్ట్ క్లాస్. ఓనర్ ఒక్కరే." ఆయన ముందు వరుసలో నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. వెనక ఆడవాళ్లందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పాస్టర్ గారి భార్య కూడా నవ్వింది, వెంటనే నవ్వనట్టు పాటల పుస్తకం తెరిచింది. ఇల్లు చేరేదాకా ఆయనకు తెలియలేదు. చొక్కా విప్పి, చదువుకుని, చిట్టీని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. మా ఆయన శాలేము రాజు కోపం వస్తే అరవడు. చేతిలో ఏది ఉంటే దాన్ని మడుస్తాడు.

నలభై ఆరేళ్లకు ఈ బుద్ధి ఏమిటే ఫ్లారెన్సూ అని అందరూ అడుగుతారు. ఎనిమిదో తరగతి తప్పి కుట్టుమిషన్ ఎక్కినదానికి ఇంకేం బుద్ధి వస్తుంది. పొద్దంతా పుంగనూరు ఆడవాళ్ల జాకెట్లు కుడుతూ, వాళ్ల కొలతలు చూసి కూడా నోరు మూసుకుని ఉంటాను. ఆ నోరు ఎక్కడో ఒకచోట తెరుచుకోవాలి కదా.

సాయంత్రం ఇంకో చిట్టీ కెజియా వీపు మీద అంటించాను. కెజియా మా ఒక్కగానొక్క కూతురు. మదనపల్లెలో డిగ్రీ సెకండియర్. కాలేజీ వాలీబాల్ టీమ్‌లో స్పైకర్. నా తోడుదొంగ. చెయ్యి తగలగానే కనిపెట్టేసింది. కుడిచెయ్యి వెనక్కి పెట్టింది. అది నడుము దాకా వెళ్లి ఆగిపోయింది. మొహం ఒక్క క్షణం మారింది. తర్వాత ఎడమచెయ్యి పెట్టి టక్కున పీకేసి నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వుతుండగానే గుర్తొచ్చింది. పోయిన నెల కొత్త డ్రెస్సుకు జిప్ వీపు మీద వద్దు, ముందు పెట్టు అంది. ఫ్యాషన్ అనుకున్నాను.

నవంబర్ 4, ఉదయం 7

బస్సుకు పోయే ముందు కెజియాను పట్టుకున్నాను. మళ్లీ చిట్టీ అంటించి, కుడిచేత్తోనే తీయమన్నాను. చిరాకు పడింది. తీయలేకపోయింది. అప్పుడు చెప్పింది. వానల కాలం నుంచీ భుజం వెనక పట్టేస్తోందట. స్మాష్ కొట్టిన ప్రతిసారీ లోపల ఎక్కడో సూది దిగినట్టు ఉంటోందట. నాయనకు చెప్పొద్దని చెయ్యి పట్టుకుంది.

ఎందుకు చెప్పొద్దో నాకు తెలుసు. జనవరి పదిన కుప్పంలో యూనివర్సిటీ టీమ్ సెలెక్షన్స్. అందులో పడితే తర్వాత స్పోర్ట్స్ కోటా, రైల్వేనో పోలీసో. మా ఆయన ప్రైవేటు స్కూల్లో పీఈటీ. దీనికి పదేళ్లప్పటి నుంచీ రోజూ సాయంత్రం స్కూల్ గ్రౌండులో సర్వీసులు కొట్టించేది ఆయనే. బంతి కనపడనంత చీకటి పడేదాకా కొట్టిస్తాడు. ఆయన బతుకులో మెచ్చుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఈ పిల్ల కుడిచెయ్యి.

నవంబర్ 9, శనివారం

మదనపల్లె. ఆయనకు దారం, ఉక్సులు కొనాలని చెప్పి కెజియాను ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. పేరు తేజస్విని. చిన్న వయసు, నవ్వదు. నేను రెండు జోకులు వేశాను, రెండూ నేల మీద పడ్డాయి.

వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పక్కకు చాపించి, మోచెయ్యి మడిచి, ముంజేతిని కిటికీ తలుపులా అటూ ఇటూ తిప్పింది. తల వైపు, అంటే బంతి కొట్టడానికి చెయ్యి ఎత్తే వైపు, బల్లను దాటి ఇంకా పోతానంది. కాళ్ల వైపు సగంలోనే బిగుసుకుపోయింది. ఎడమచెయ్యి మాత్రం అటు చక్కగా దిగింది.

ఎముకకు ఏమీ కాలేదంది. గట్టిగా కొట్టాక ఆ ఊపును ఆపేది భుజం వెనక భాగమట. ఏళ్ల తరబడి ఆపి ఆపి, కీలు చుట్టూ ఉండే తిత్తి వెనక వైపు మందమై కురచైపోయిందట. నాకు బాగా అర్థమైంది. జాకెట్టుకు వీపు ముక్క కురచగా కత్తిరిస్తే చంకలో ఎట్లా పట్టేస్తుందో, అట్లా.

వైద్యం విని నేనే నవ్వాను. నొప్పి ఉన్న భుజం మీదే పక్కకు తిరిగి పడుకోవాలట. ఆ చేతిని ముందుకు చాచి, మోచెయ్యి పైకి మడిచి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని పరుపు వైపు మెల్లగా అదమాలట. వెనక లాగినట్టు ఉంటే సరి, ముందు పొడిచినట్టు ఉంటే ఆపాలి. రోజూ చేయాలి. రెక్క దగ్గర కండకు రబ్బరు పట్టీతో ఇంకో వ్యాయామం. బంతి కొట్టడం ఇప్పటికి బంద్. అట్లాగని చేతిని కదపకుండా మాత్రం ఉంచొద్దని గట్టిగా చెప్పింది. ఇప్పుడు మొదలుపెడితే క్రిస్మస్‌కు సర్దుకుంటుంది, కుప్పం పోవచ్చు. ఇట్లాగే కొడుతూ పోతే లోపల, భుజం గుండు కూర్చునే గిన్నెకు అంచు ఉంటుందట, అది చిరుగుతుంది. చిరిగితే కథ వేరే అంది.

బొమ్మలున్న కాగితం ఇచ్చింది. బొమ్మలో ఒకమ్మాయి నొప్పి చెయ్యి మీద పడుకుని ఉంది.

అదే రోజు, సాయంత్రం 6

చెప్పాను. ముక్క వదలకుండా చెప్పాను. ఆయన విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ కళ్లద్దాల కథ ఒకటుంది. అవి కొత్తగా వచ్చినప్పుడు, మొదటి రోజు కళ్లు మూసుకుని పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడని నేనే అన్నాను. అరగంట అట్లాగే కూర్చున్నాడు. నేనూ కెజియా వంటింట్లో పడి పడి నవ్వాం.

"నొప్పి ఉండే భుజం మీద పండుకోని, ఆ చేతినే అదమాలంటనా?" అన్నాడు. "సరే. నేను గూడా కండ్లు మూసుకోని అద్దాలు పెట్టుకుంటా పో."

కాగితం చూపించాను. ఇది యాడ ప్రింట్ తీయించినావు అని అడిగాడు. పోయిన ఏప్రిల్లో జిరాక్స్ షాపులో ఆయన పేరు మీద ఉత్తమ పీఈటీ సర్టిఫికెట్ ప్రింట్ తీయించింది నేనే. పోస్టులో వచ్చినట్టు కవరులో పెట్టి ఇచ్చాను. రెండు రోజులు గోడకు పెట్టుకున్నాడు. స్కూల్లో స్వీట్లు పంచాడు. తర్వాత చెప్పాను.

కెజియాను సాక్ష్యానికి పిలిచాను. అది నిజమే నాయనా అంటూ నా మొహం చూసింది. నా మొహం చూస్తే దానికి నవ్వొస్తుంది, చిన్నప్పటి నుంచీ అలవాటు. పెదవి కొరుక్కుంది కానీ ఆయన చూసేశాడు.

అయిపోయింది. కాగితాన్ని మడిచాడు.

నవంబర్ 12

మేడమ్‌ను బతిమాలి ఆయనకు ఫోన్ చేయించాను. ఆయన అఫ్సానా అనుకున్నాడు.

అఫ్సానా నా పక్క షాపు. చీరలకు ఫాల్ కుడుతుంది, ఎవరి గొంతైనా తీస్తుంది. ఎండాకాలంలో స్కూలు కరస్పాండెంట్ పీఏలా ఫోన్ చేసి, పెద్దసారు వస్తున్నాడు, టై కట్టుకుని గేటు దగ్గర నిలబడమంది. నిలబడ్డాడు. స్కూలంతా చూసింది.

మేడమ్‌తో ఏమన్నాడో మేడమే చెప్పింది. ఈసారి డాక్టరు గొంతు బాగా కుదిరిందమ్మా అన్నాడట. ఆమె వివరించబోతే, ఒక ఆడపిల్ల బతుకుతో ఆడుకునేవాళ్లు పురుగులు పడి పోతారన్నాడట. ఇంకా ఏదో అన్నాడట, అది ఆమె చెప్పలేదు. తనకు వేరే పేషెంట్లు ఉన్నారంది. ఫోన్ పెట్టేసింది.

నువ్వే మదనపల్లెకు రా, కళ్లారా చూడు అన్నాను ఆయనతో.

"వచ్చి ఆడ గేటు కాడ నిలబడల్నా?" అన్నాడు. "ఒగసారి నిలబడినా కదమ్మా, చాల్లే."

నవంబర్ 13

ఈరోజు ఎవరినీ నవ్వించలేదు.

నవంబర్ 16, శనివారం

మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొస్తే ఇద్దరూ లేరు. బండి లేదు. నాలుగింటికి వచ్చారు. కెజియా కుడిచెయ్యి ఎదకు ఆనించి కట్టేసి ఉంది. కోడిగుడ్డు సొన, మినపపిండి, ఏదో ఆకు పసరు, వాటి మీద గుడ్డ, గుడ్డ మీద వెదురు బద్దలు. ఇంట్లో అడుగుపెట్టక ముందే వాసన వచ్చింది. చౌడేపల్లె అవతల కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడట. మూడు కట్లు వేయాలి. క్రిస్మస్ ముందు విప్పుతారట.

ఆ కట్టు వైద్యాన్ని నేను తీసిపారేయను. మా అత్త మేరమ్మ వాకిట్లో జారి కాలు విరగ్గొట్టుకుంటే ఆ కట్టుతోనే లేచి, చచ్చేదాకా తన చెంబు తనే మోసుకుంది. విరిగిన ఎముకకు కట్టు కావాలి. దీని ఎముక విరగలేదు కదా. కురచైన గుడ్డను ఇస్త్రీ చేసి సాగదీయాలి కానీ, ఇంకా బిగించి కుడతారా?

నీ డాక్టరమ్మ కూడా ఆడొద్దనే చెప్పిందంటివి కదా, కట్టు కట్టేది కూడా అందుకే అన్నాడు. ఆయన లెక్కలో రెండూ ఒకటే. రెస్ట్.

కత్తెర తీసుకున్నాను. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. కెజియా వెనక్కి జరిగింది.

"ముట్టుకోవద్దుమా," అంది. "కట్టినాక నొప్పి లేదు. నువ్వు చెప్పిండేది చేస్తే ప్రాణం పోతాండాది."

పోనీ, మేడమ్ చెప్పింది నువ్వు వినలేదా, కట్టేస్తే ఏమవుతుందో నీకు తెలియదా అని అడిగాను. తల వంచుకుంది.

"నాయన బండి తోల్తా ఏడ్చినాడుమా. అద్దంలో కనపడింది. నన్ను గూడా నమ్మల్యా ఆయప్ప. నేను గూడా నీతో కలిసి నగుతానంట."

కత్తెర బల్ల మీద పెట్టాను. చాలాసేపటికి గానీ దాని నుంచి వేళ్లు ఊడిరాలేదు.

నవంబర్ 24, ఆదివారం

చర్చిలో అందరూ కెజియా కట్టును చూసి అయ్యో అన్నారు. ఒకావిడ నా చెవిలో, ఇది కూడా నీ డ్రామానేనా, కట్టు లోపల ఏం దాచావు అని అడిగింది. ఊ అన్నాను.

మా ఆయన దానికి గుడ్లు ఉడకబెట్టి తినిపిస్తున్నాడు. తల దువ్వుతున్నాడు. జడ వంకరగా వస్తోంది. ఇద్దరూ మాట్లాడుకుంటారు, నేను గదిలోకి వస్తే ఆపుతారు. ఈ ఇంట్లో నవ్వు ఎప్పుడూ నా వైపు ఉండేది.

డిసెంబర్ 2

ఒక్కదాన్నే మదనపల్లె పోయాను. మేడమ్ కోపం పక్కన పెట్టి మాట్లాడింది. వెంటనే విప్పించండి, కట్టి ఉంచిన ప్రతి రోజూ తిత్తి ఇంకా బిగుస్తుంది, మొత్తం చెయ్యే ఎత్తలేకపోతుంది అంది. ఆమెకు భయం వేయడం చూశాను.

ఇంటికొచ్చి బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పాను. నా కూతురి మీద ఆన అన్నాను. ఆయన బైబిల్ నా చేతి కింద నుంచి మెల్లగా లాక్కుని, తుడిచి, పైన అరలో పెట్టాడు.

"దేవుణ్ణి గూడా దీంట్లోకి లాగినావా," అన్నాడు.

కోపంగా కాదు. జాలిగా.

డిసెంబర్ 3

రెండో కట్టు విప్పి మూడోది వేసే మధ్యలో ఒక్క గంటయినా నాకు పిల్లను వదలమన్నాను. వదల్లేదు. అక్కడే విప్పి అక్కడే వేయించుకొచ్చాడు.

డిసెంబర్ 22, ఆదివారం

విప్పారు. చెయ్యి సన్నబడింది. చర్మం పొట్టు లేచి ఉంది. నేను స్నానం చేయించాక, ఆయన ఎత్తమన్నాడు. భుజం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. రెక్క ఎముకతో సహా మొత్తం ఒకే చెక్కలా లేచింది. కెజియా నవ్వబోయి ఆగింది. ఆయన, నూనె పెడితే వదులవుతుంది అన్నాడు. నూనె కోసం వంటింట్లోకి వచ్చి, డబ్బా ఎదురుగా పెట్టుకుని, ఎక్కడ ఎక్కడ అని నన్నే అడిగాడు.

డిసెంబర్ 25

చర్చిలో పాట మధ్యలో పిల్లలంతా చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాలి. కెజియా ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తింది. ఒక్క చెయ్యి గాలిలో.

ఈసారి చిట్టీ లేదేమమ్మా అని పాస్టర్ గారి భార్య అడిగింది.

జనవరి 4

రోజూ పొద్దున్నే నూనె మర్దన. తర్వాత ఆయన దాని చెయ్యి పట్టుకుని పైకి నెడతాడు. అది మూలుగుతుంది. మిషన్ మీద కాలు ఆడిస్తూనే ఉంటాను, చప్పుడులో వినపడకూడదని. వినపడుతుంది.

ఈరోజు చెయ్యి తల మీదికి పోయింది. ఆయన మొహం వెలిగింది. నిజం చెప్పాలంటే నాదీ వెలిగింది. తర్వాత వెనక్కి పెట్టి చూపించమన్నాను. జేబు దగ్గరే ఆగింది. మునుపు నడుము దాకా అన్నా పోయేది.

సెలెక్షన్స్‌లో వీపు గోక్కోమని అడగరులే అన్నాడు ఆయన. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన వేసిన మొదటి జోకు.

పోవద్దే, వచ్చే ఏడాది చూసుకుందాం అని కెజియాతో చెప్పాను. వచ్చే ఏడు నాయన ఉషారు ఉంటాదా మా అని అడిగింది.

జనవరి 10, శుక్రవారం, కుప్పం

ముగ్గురం పోయాం. మొదటి బస్సు, పలమనేరు, వి.కోట, కుప్పం. దారి పొడవునా ఆయన దాని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు. గ్రౌండులో ఆడపిల్లలు తెలుగు, అరవం, కన్నడం అన్నీ కలిపి మాట్లాడుకుంటున్నారు. పొడుగ్గా, గట్టిగా ఉన్నారు. మాది కూడా అందులో ఒకటి. దూరం నుంచి చూస్తే ఏ తేడా లేదు.

సర్వీసులు బాగానే వేసింది. తర్వాత స్మాష్. మొదటిది నెట్ దాటింది. రెండోదానికి, రాసుకుంటున్న సెలెక్టర్ తల ఎత్తి చూశాడు. మా ఆయన మెడలో విజిల్‌ను పిడికిట్లో పట్టుకున్నాడు. మూడోది ఎగిరి కొట్టింది. అంత గట్టిగా అది కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. బంతి లైను మీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కెజియా అరవలేదు. కిందికి దిగి, కుడి మోచేతిని ఎడమచేత్తో చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని మా దగ్గరికి నడిచొచ్చింది. మొహం తెల్లగా ఉంది.

"మా, చెయ్యి యాడికో పోయింది," అంది.

ఒక్క క్షణం నేను నమ్మలేదు. నాటకం ఆడుతోంది, నాయన్ను ఏడిపిస్తోంది అనుకున్నాను. నవ్వడానికి నా పెదవులు కదిలాయి కూడా. ఇది నేను రాయకపోతే ఎవరికీ తెలియదు. కానీ కెజియా చూసింది.

జనవరి 11

సెలెక్ట్ అయిందని ఫోన్ వచ్చింది. ఆయన మొదట అఫ్సానా అనుకున్నాడు. అఫ్సానా నా పక్కనే కూర్చుని ఉక్సులు కుడుతోంది.

జనవరి 20

మదనపల్లెలో ఎంఆర్‌ఐ తీయించాం. ఎముకల డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి వేలితో చూపించాడు. గిన్నె అంచు చిరిగింది. వెనక తిత్తి మందంగా బిగుసుకుని ఉంది. ముందు మూడు నెలలు ఫిజియో, అప్పటికీ కాకపోతే ఆపరేషన్ అన్నాడు. రెండింట్లో ఏది చేసినా చెయ్యి ఎత్తి బంతి కొట్టే ఆట మరిచిపొమ్మన్నాడు. జడ వేసుకోవడం, జాకెట్టు తొడుక్కోవడం, బస్సులో పైన కడ్డీ పట్టుకోవడం, ముందు వాటి సంగతి చూద్దాం అన్నాడు.

ఎప్పటి నుంచి పట్టేసింది, అప్పుడు ఎవరికీ చూపించలేదా అని అడిగాడు.

చూపించినాం సార్ అంది కెజియా. మా ఇద్దరిలో ఎవరి వైపూ చూడలేదు.

జనవరి 25, శనివారం

తేజస్విని మేడమ్ దగ్గరికి మళ్లీ పోయాం. ఆయన కూడా వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డాడు. ఎండ ఎక్కింది. నేను బయటికి వచ్చి రమ్మనలేదు, ఎందుకంటే నేను పిలిస్తే వస్తాడో రాడో ఇప్పుడు నాకు తెలియదు.

చాలాసేపటికి తనే వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. ఫోన్లో ఆ మాటలన్నది నేనేనమ్మా అని చెప్పాడు. తెలుసు, కూర్చోండి అంది ఆమె. ఆయన కూర్చోలేదు. అప్పుడామె ఆయన్ను బల్ల ఎక్కి కుడి భుజం మీద పక్కకు పడుకోమంది. చెయ్యి ముందుకు చాపించి, మోచెయ్యి మడిపించి, మణికట్టు పట్టుకుని బల్ల వైపు అదిమింది. మెల్లగానే. ఆయన పళ్లు బిగించాడు. రేపటి నుంచి పిల్లకు ఇంతకంటే మెల్లగా ఇది చేయాల్సింది మీరే, ఎంత లాగుతుందో తెలియాలని చేయించాను అంది.

బల్ల దిగాడు. నా దగ్గరికి వచ్చాడు. చొక్కా సర్దుకున్నాడు.

"నిజంగానే అట్లనే పండుకోవల్నంట," అన్నాడు.

మేడమ్ ఇంకో కాగితం ఇచ్చింది. అదే బొమ్మ. ఈసారి మడవలేదు. బస్సులో పుంగనూరు దాకా రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు.

ఫిబ్రవరి 16

పొద్దున, సాయంత్రం. ఆయన చాప పరుస్తాడు, అది పడుకుంటుంది. అఫ్సానా నన్ను నవ్వించాలని పాస్టర్ గారి గొంతు తీసింది. బాగానే తీసింది.

మార్చి 16, ఆదివారం

సాయంత్రం ఆయన షాపుకొచ్చి అంటించే టేపు అడిగాడు. ఇచ్చాను.

ఇంట్లో కెజియాను గోడ వైపు తిప్పి నిలబెట్టి నడుము మీద చిట్టీ అంటించాడు. దాని మీద ఏమీ రాయలేదు. కుడిచేత్తో తీయమన్నాడు.

అందలేదు.

పీకి, ఇంకొంచెం కిందికి అంటించాడు.